అవదు మాస్టారు

టైలర్లందరికీ ఒకటే మాట: "రేపు రండి." ఆ రేపు ఎప్పుడొస్తుందో కుట్టేవాడికీ తెలియదు, కుట్టించుకునేవాడికీ తెలియదు. తెలియదన్న సంగతి మాత్రం ఇద్దరికీ తెలుసు. ఇలా ఎవరికీ ఏ ఇబ్బందీ లేకుండా సాగిపోతున్న లోకంలోకి ఒక మనిషి వచ్చి, "రేపు అవదండీ, వచ్చే బుధవారం సాయంత్రం అయిదింటికి అవుతుంది" అని కుండబద్దలు కొట్టినట్టు చెబితే ఎలా ఉంటుంది? మొదట్లో జనానికి ఒళ్ళు మండింది. తర్వాత నవ్వొచ్చింది. ఆ తర్వాత పేరు పెట్టేశారు. అవదు మాస్టారు.

ఆయన కొట్టు ఒక మూడంతస్తుల భవనం కింద, మెట్ల పక్కన ఉండేది. ముందు గదిలో నడుమెత్తు కటింగు బల్ల, దాని మీద సుద్దముక్కలు, ఎవరినీ ముట్టనివ్వని పెద్ద కత్తెర. గోడకి నిలువుటద్దం. వెనక గదిలో రెండు మిషన్లు, ఇస్త్రీ బల్ల, కిటికీ పక్కన ఒక ముక్కాలిపీట. ఆ పీట కాజాలక్కది. గుండీ పట్టే చిల్లు చుట్టూ దారం అల్లడాన్ని కాజా కుట్టడం అంటారు. మిషను మీద కూడా కుట్టొచ్చు గానీ, కోటుకి చేత్తో కుట్టిన కాజా అందం వేరు. ఆ పని చేస్తుంది కాబట్టి ఆమె కాజాలక్క. అసలు పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఇంట్లో కూడా మిగల్లేదు.

ఇక్కడికి రాకముందు కాజాలక్క ఏడు కొట్లలో పనిచేసింది. టైలర్లు ఆడే అబద్ధాలు ఆమెకి కొట్టిన పిండి. "చేతులు అతకడమే మిగిలింది" అంటే గుడ్డ ఇంకా కత్తిరించలేదని అర్థం. "ఇస్త్రీ ఒక్కటే" అంటే చేతులు అతకలేదని. "మా మిషను మేస్త్రీ వాళ్ళింట్లో ఎవరో పోయారండీ" అంటే గుడ్డ కనబడటం లేదని. ఒక కొట్లో అయితే ఒకే మేస్త్రీ మేనత్తని నాలుగుసార్లు చంపారు. వీధి మలుపులో ఖాతాదారుడు కనబడగానే ఆయన గుడ్డని మూటలోంచి లాగి మిషను మీద పరిచేసి, "చూశారా, మీ పనిలోనే ఉన్నాం" అనడం ఈమె స్వయంగా నేర్చుకున్న విద్య. అలాంటి మనిషి అవదు మాస్టారి కొట్లో చేరిన మొదటిరోజే, మలుపులో ఒకాయన కనబడగానే అలవాటుకొద్దీ లేచి గుడ్డ పరిచేసింది.

మాస్టారు ఆ గుడ్డ తీసి మడతపెట్టారు. వచ్చినాయనకి నమస్కారం పెట్టి, "మీది ఇంకా మొదలుపెట్టలేదండీ. నేను శనివారం అన్నాను, ఇవాళ గురువారం" అన్నారు. వచ్చినాయన నోరు తెరిచి, ఏం తిట్టాలో తెలియక, మళ్ళీ మూసుకుని వెళ్ళిపోయాడు.

కాజాలక్కకి ఆ క్షణం నుంచి ఒక చిత్రమైన ఆసక్తి పట్టుకుంది. ఈ మనిషి ఎన్నాళ్ళు ఇలా నిలబడతాడు? ఎక్కడో ఒకచోట జారతాడు కదా! జారినప్పుడు చూడాలి. అంతే. అందులో చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. తాడు మీద నడిచేవాణ్ణి నోరు తెరుచుకుని చూస్తాం చూడండి, అలాంటిదే.

మాస్టారు పుట్టుకతో ఇలాంటివాడేమీ కాదు. వయసులో ఉన్నప్పుడు ఆయనంత గొప్పగా అబద్ధమాడే టైలరు చుట్టుపక్కల లేడట. ఆ సంగతి ఆయనే చెప్పేవారు, దాచుకోకుండా, కాస్త సిగ్గుపడుతూ. ముప్పయ్యో ఏట బాప్తిస్మం తీసుకున్నారు. తీసుకున్నాక కూడా ఏడాదిపాటు "రేపు రండి" అంటూనే ఉన్నారు. మందిరంలో పాటలు పాడేవారు, ప్రార్థన చేసేవారు, సోమవారం పొద్దున వచ్చి మళ్ళీ అందరికీ రేపు చెప్పేవారు. ఒకరోజు బైబిలు వాక్యం చదువుకుంటుంటే, ఔనన్నది ఔనుగానే ఉండాలని ప్రభువు చెప్పిన మాట దగ్గర వేలు ఆగిపోయింది. అది ఎవరో రాజుగారి కొలువులో ప్రమాణాల గురించి చెప్పిన మాట అనుకుంటూ వచ్చారట అన్నాళ్ళూ. ఆ రోజు మాత్రం అది టైలర్ల గురించి చెప్పినట్టే వినిపించింది. మర్నాడు కొట్టు తీసి, వచ్చిన మొదటి మనిషితో "అవదండీ" అన్నారు.

నెలలో సగం మంది మానేశారు. ఎదురు వీధిలో రేపు రండి అనే టైలరు దగ్గరికి వెళ్ళి, అక్కడ చెప్పులరిగేలా తిరిగారు. జనానికి చొక్కా కంటే రేపు అనే మాటే ఎక్కువ ఇష్టమేమో! మాస్టారి భార్య తలపట్టుకుని, "ఈయన దేవుణ్ణి నమ్ముకున్నాడు, మేం ఈయన్ని నమ్ముకున్నాం" అనేదట. మెల్లగా ఒక్కొక్కరే తిరిగొచ్చారు. పెళ్ళి ఉన్నవాళ్ళు, ప్రయాణం ఉన్నవాళ్ళు, తేదీ తప్పితే పుట్టి మునిగేవాళ్ళు ముందు వచ్చారు.

పొద్దున్నే కొట్టు తీశాక మాస్టారు బల్ల మీద రెండు అరచేతులూ ఆనించి కళ్ళు మూసుకుని కాసేపు నిలబడేవారు. కాజాలక్క మందిరానికి వెళ్ళే మనిషి కాదు, గుడికీ వెళ్ళదు. ఆమెకి ఏ దేవుడితోనూ తగాదా లేదు, రాకపోకలూ లేవు. కానీ ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

"రోజూ ఏం అడుగుతారు మాస్టారూ?"

"అడగడం తక్కువేనక్కా. ఇవాళ ఏం చెయ్యమంటావో చెప్పు ప్రభువా అని ఊరుకుంటాను."

"చెబుతాడా?"

"చాలాసార్లు పైవాళ్ళ కుళాయి చప్పుడే వినబడుతుంది" అన్నారు మాస్టారు. "అప్పుడు నిన్న చెప్పినదే ఇవాళా చేస్తాను."

ఈ జవాబుతో ఆమె ఆసక్తి చల్లారకపోగా రెట్టింపైంది. పరీక్షలు మొదలుపెట్టింది. కావాలని ఒక కాజా వంకరగా కుట్టి, "ఎలా ఉంది మాస్టారూ?" అని అడిగింది. "బాలేదు, విప్పెయ్యి" అన్నారు. ఒక లావుపాటి ఆవిడ కొలతలిస్తూ, "ఈమధ్య తగ్గాను కదండీ?" అని గంపెడాశతో అడిగితే కాజాలక్క చెవులు రిక్కించింది. మాస్టారు టేపు వంక చూసి, "ముప్పావు అంగుళం పెరిగారమ్మా" అన్నారు. ఆవిడ ముఖం మాడిపోయింది. ఆ తర్వాత కాజాలక్కే ఆయన మీద ఒంటికాలి మీద లేచింది. "అంత నిజం ఎవరడిగారండీ?" అంటే, "ఆవిడే అడిగారు కదా" అన్నారాయన అమాయకంగా. అది కూడా నిజమే. అడక్కపోతే ఆయన ఎవరికీ ఏదీ చెప్పరు. నిజాలు జేబులో పోసుకుని ఎదురైనవాడి ముఖాన కొట్టే రకం కాదు.

ఒక్కసారి మాత్రం దొరికిపోయారు. వానాకాలంలో ఒంట్లో బాగాలేక కళ్ళు ఎర్రబడి కూర్చున్నారు. వచ్చినాయన వెళ్ళిపోతూ "బాగున్నారా?" అంటే, "ఆఁ, బాగున్నాను" అనేశారు. కాజాలక్క పీట మీద నుంచి ఎగిరి గంతేసింది. "దొరికారు! జ్వరం పెట్టుకుని బాగున్నానన్నారు!" మాస్టారు ఒక్క నిమిషం ఆలోచించారు. ఆ తర్వాత చెప్పులు కూడా వేసుకోకుండా వానలో పరిగెత్తి, వీధి చివర ఆయన్ని పట్టుకుని, "అయ్యా, బాగాలేను, జ్వరంగా ఉంది" అని చెప్పి తడిసి ముద్దై తిరిగొచ్చారు. ఆ పెద్దమనిషి ఈయనకి జ్వరం తలకెక్కిందనుకుని భయపడి, ఇంటికెళ్ళి మాత్రలు పంపించాడు.

నవ్వి నవ్వి కాజాలక్కకి పొట్ట నొప్పెట్టింది. కానీ నవ్వు ఆగాక ఒక అనుమానం మొదలైంది, అది ఏళ్ళ తరబడి ఉండిపోయింది. ఈయనకి అబద్ధం చెప్పాలని అసలు అనిపించదేమో! కొందరికి కారం పడదు, కొందరికి తీపి పడదు, ఈయనకి అబద్ధం పడదేమో! అలా అయితే ఇందులో గొప్పేముంది? దేవుడి మాట వినడం అంటే ఇదేనా?

ఆమెకి జవాబు దొరికిన సంగతే ఇప్పుడు చెప్పబోతున్నది.

మాస్టారికి ముప్పై ఏళ్ళ నుంచి బట్టలు కుట్టించుకుంటున్న బస్సు డ్రైవరొకాయన ఉండేవాడు. అందరూ డ్రైవరన్న అనేవారు. ఎత్తయిన మనిషి, పెద్ద గొంతు. ఆయన కొట్లోకి వస్తే బస్సే లోపలికి వచ్చినట్టుండేది. మాస్టారు, ఆయన ఒకే మందిరానికి వెళ్ళేవారు. డ్రైవరన్న కూతురి పెళ్ళి అదే మందిరంలో వచ్చే నెల పదిహేనో తారీఖున అనుకున్నారు. పెళ్ళికూతుర్ని గుమ్మం దగ్గర నుంచి ముందుదాకా తండ్రే చెయ్యి పట్టుకుని నడిపించుకు వెళ్ళాలి. దానికి కొత్త కోటు కావాలి.

డ్రైవరన్న రాబోయే ముందు రోజు మధ్యాహ్నం ఆయన భార్య ఒక్కతే వచ్చింది. లోపలికి రాగానే బల్ల పట్టుకుని నిలబడి ఏడ్చింది. మాస్టారు కుర్చీ వేశారు. కాజాలక్క మంచినీళ్ళు తెచ్చింది.

సంగతేమిటంటే, డ్రైవరన్నకి కడుపులో జబ్బు. నయమయ్యేది కాదని డాక్టరు ఆవిడకి మాత్రమే చెప్పాడు. ఆయనతో అందరూ పుండు అంటున్నారు, మందులతో మానిపోతుందంటున్నారు. మనిషి చూస్తూ చూస్తూ తగ్గిపోతున్నాడు. ఇంట్లో అద్దం మేడ మీద గదిలోకి మార్చేశారు. పాత చొక్కాల్ని ఆవిడే చాటుగా పక్కలు పట్టి కుట్టింది, వదులైనట్టు తెలియకుండా.

"రేపు మీ దగ్గరికి తీసుకొస్తాను" అంది. "మీరు కొలతలు పైకి చదువుతారు కదా. పోయినేడు ఛాతీ నలభై ఒకటి. రేపు కూడా నలభై ఒకటి అనండి మాస్టారూ. నోటితో నలభై ఒకటి అనండి, కత్తెరతో ఎంత కావాలో అంతే కత్తిరించుకోండి. ఒక్క మాట. పెళ్ళి అయిందాకా ఆయన ధైర్యంగా ఉంటే చాలు."

మాస్టారు బల్ల మీది సుద్దముక్క తీసి మళ్ళీ అక్కడే పెట్టారు. చివరికి, "వదినా, అది తప్ప ఇంకేదైనా చెప్పండి. ఇంకో టైలరు దగ్గర..." అన్నారు.

"ఇంకెవరు చెప్పినా ఆయన నమ్మడు! మీరు అబద్ధమాడరని ఊరంతా తెలుసు. అందుకే మీరే చెప్పాలి."

కాజాలక్క చేతిలో సూది ఆగిపోయింది. ఎంత విచిత్రం! ఇన్నేళ్ళు నిజం చెప్పీ చెప్పీ ఈ మనిషి అబద్ధానికి ఎంత విలువ తెచ్చాడో చూడండి. ఈయన ఒక్కసారి ఆడితే చాలు, ఒక మనిషి నిటారుగా నిలబడతాడు.

"నావల్ల కాదు వదినా" అన్నారు మాస్టారు, తల దించుకుని.

ఆవిడ లేచింది. "మనందరం ఒకే మందిరంలో మోకరిస్తున్నాం. మీకొక్కరికీ వేరే దేవుడున్నాడా? ఆయనకి జాలి ఉండదా?" అనేసి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రమంతా ఒక చొక్కా కాలరుని మూడుసార్లు కుట్టి మూడుసార్లు విప్పారు.

కాజాలక్కకి ఒళ్ళు మండిపోయింది. చొక్కాల తేదీల దగ్గర నిజం సరే, నవ్వుకోవచ్చు. చావు ముందు నిలబడ్డవాడి దగ్గర కూడానా? ఇదేం భక్తి? ఆయన చెప్పకపోతే పోనీ, టేపు చేత చెప్పిద్దాం అనుకుంది. మర్నాడు పొద్దున మాస్టారు చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు, ఆయన మెడలో వేసుకునే టేపు తీసి, మొదటి నాలుగంగుళాలు కత్తిరించేసింది. కొసన ఉండే ఇత్తడి బిళ్ళని పటకారుతో విప్పి కొత్త కొసకి నొక్కేసింది. ఇక ఈ టేపు ఎవరి ఛాతీ చుట్టూ వేసినా నాలుగంగుళాలు ఎక్కువే చూపిస్తుంది. మాస్టారు చూసినది చూసినట్టు చదువుతారు. అబద్ధం ఆయనది కాదు, టేపుది. పాపమంటూ ఉంటే తనది. తనకి దేవుడితో రాకపోకలు ఎలాగూ లేవు.

డ్రైవరన్న పదకొండింటికి వచ్చాడు, భార్య వెంట. గుమ్మంలోంచే, "ఏం తమ్ముడూ, అవదా?" అని పెద్దగా నవ్వాడు. గొంతు అదే, మనిషే సగం. చొక్కా కాలరులో మెడ ఊగుతోంది. కాజాలక్క గభాలున తల తిప్పుకుని, పీట ముందు గదిలోకి లాక్కుని కూర్చుని, కొలతల పుస్తకం తెరిచింది. మాస్టారు చదివితే ఆమె రాసుకోవాలి, అది అలవాటు. డ్రైవరన్న అద్దం ముందు సైనికుడిలా నిలబడ్డాడు. ఆవిడ గుమ్మం పక్కన గోడకి ఆనుకుంది. మాస్టారి వైపు చూడనే లేదు.

మాస్టారు కోటుకి ఎప్పుడూ ఛాతీతోనే మొదలుపెడతారు. టేపు వెనక నుంచి చుట్టి ముందుకి తెచ్చి, కొసని టేపు మీద ఆనించి, అంకె చూశారు. నలభై ఒకటి.

కాజాలక్క పెన్సిలు నొక్కిపెట్టి చూస్తోంది. ఆయన చేతులు ఆగిపోయాయి. ముప్పై ఏళ్ళుగా ఆ మనిషి చుట్టూ తిరిగిన చేతులవి. పోయినేడు ఎంత చాచితే అందేదో, ఇవాళ ఎంత దగ్గరగా వచ్చేశాయో వాటికి తెలుసు. ఆయన అంకె వంక చూశారు, టేపు కొస వంక చూశారు. ఆ తర్వాత తలెత్తి, అద్దంలోంచి, పీట మీదున్న కాజాలక్క వంక చూశారు.

ఆయన నోరు తెరిచారు. నాలుక నలభై అనే మాటకి సిద్ధంగా పళ్ళకి ఆనింది కూడా. అది ఆమె స్పష్టంగా చూసింది.

"ఎంత తమ్ముడూ?" అన్నాడు డ్రైవరన్న.

"ఈ టేపు తప్పన్నా" అన్నారు మాస్టారు. బల్ల సొరుగు తీసి ఇంకో టేపు తెచ్చి, మళ్ళీ ఛాతీ చుట్టూ వేసి, మెల్లగా, వినబడేలా చదివారు. "ముప్పై ఏడు."

గోడ దగ్గర ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కాజాలక్క రాయలేదు. డ్రైవరన్న అద్దంలో తనని తాను చూసుకుంటూ బొమ్మలా నిలబడిపోయాడు. పైవాళ్ళ కుళాయి కారుతున్న చప్పుడు వినబడుతోంది.

"ముప్పై ఏడే?" అన్నాడు చివరికి. "నేను ముప్పై అయిదుకి దిగిపోయాననుకున్నానే!"

ఆయన భార్య వైపు తిరిగాడు. "నీకు తెలుసు కదూ, ఇది పుండు కాదని?"

ఆవిడ తలూపింది.

"నాకు తెలుసని నీకు తెలుసా?"

ఆవిడ కొంగు తియ్యకుండానే అడ్డంగా తలూపింది.

"నువ్వు బెంగపెట్టుకుంటావని తెలియనట్టు తిరుగుతున్నానే. మేడ మీదికి వెళ్ళి అద్దం చూసుకుని వస్తున్నాను రోజూ" అన్నాడాయన. ఆ తర్వాత అంత పెద్ద గొంతూ ఒక్కసారిగా చిన్నదైపోయింది. "కాస్త కూర్చుంటానే. పొద్దుటి నుంచీ కాళ్ళు వణుకుతున్నాయి. నువ్వు చూస్తావని నిలబడుతున్నాను."

ఆవిడ పరిగెత్తినట్టు వచ్చి కాజాలక్క కింద నుంచే ముక్కాలిపీట లాక్కుని ఆయనకి వేసింది. ఆయన కూర్చుని, ఆవిడ నడుముకి తల ఆనించాడు. ఇంత పెద్ద మనిషి, కొట్లో, అందరి ముందూ. మాస్టారు గోడ వైపు తిరిగి ఏవో దారపుండలు సర్దారు. మిగతా కొలతలన్నీ డ్రైవరన్న కూర్చునే ఇచ్చాడు. ట్రయలు ఆరో తారీఖు, కోటు పదో తారీఖు అన్నారు మాస్టారు.

"ఈలోపల ఇంకా తగ్గితే?"

"మళ్ళీ కొలుస్తానన్నా. విప్పి కుడతాను."

వెళ్ళేటప్పుడు ఆవిడ మాస్టారితో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

వాళ్ళు వెళ్ళిపోయాక మాస్టారు కత్తెర ముట్టుకోలేదు. బల్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నారు. ఆయన తిడితే బాగుండునని కాజాలక్కకి అనిపించింది. తిట్టకపోయేసరికి తనే చెప్పేసింది.

"టేపు కోసింది నేనే."

"చూశాను."

"మీరు చదివేసి ఉంటే పోయేదేముంది? పాపం నాది కదా. మీకు అబద్ధం చెప్పాలనిపించదని, అందుకే..."

"చెప్పాలనిపించదా?" మాస్టారు తలెత్తారు. కళ్ళు తడిగా ఉన్నాయి. "ఎవరు చెప్పారు నీకు? రోజూ అనిపిస్తుందక్కా. గుమ్మంలోకి మనిషి రాగానే ముందు నా నాలుక మీదికి వచ్చేది రేపే. ఇవాళయితే నోరు తెరిచేశాను. అన్న ముఖం చూస్తే చాలదా? చదివేద్దామనే అనుకున్నాను. కావలసినంత సాకు నువ్వే తయారుచేసి చేతిలో పెట్టావు. భయమేసింది నాకు."

"మరెందుకు ఆగారు?"

"ఆయన ఆగమన్నాడు" అన్నారు మాస్టారు. కాసేపటికి, "మంచే జరుగుతుందని మాత్రం చెప్పలేదు. అన్న అక్కడికక్కడే కూలిపోతాడనే అనుకున్నాను. వదిన అన్న మాటకి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు" అని, ముఖం తుడుచుకుని లేచారు. లేచి, ఆ తెగిన టేపు చేతిలోకి తీసుకుని, "ఛాతీ సరే, తర్వాత భుజం కొలిస్తే అది కూడా నాలుగంగుళాలు పెరిగేది కదా. అప్పుడేం చేసేదానివి?" అని అడిగారు.

కాజాలక్క ఆ సంగతే ఆలోచించలేదు. జబ్బు కండని కరిగిస్తుంది గానీ భుజం ఎముకని పెంచదు. ఇన్నేళ్ళ టైలరింగు కొట్ల అనుభవం ఏమైపోయిందో! ఆమె ముఖం చూసి మాస్టారికి నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి ఆమెకి ఏడుపొచ్చింది. ఎన్నేళ్ళుగానో పట్టి పీడిస్తున్న ప్రశ్నకి జవాబు దొరికింది గానీ, దొరికిందన్న సంతోషం మాత్రం కలగలేదు. ఈయనకి పడని పదార్థం కాదన్నమాట అది. పడుతుంది, బాగా ఇష్టం కూడా. రోజూ పళ్ళెంలో పెట్టుకుని పక్కకి జరుపుతున్నాడు.

ఆరో తారీఖుకి డ్రైవరన్న కొట్టుకి రాలేకపోయాడు. మాస్టారు, కాజాలక్క కోటు తీసుకుని ఇంటికే వెళ్ళారు. అద్దం మేడ మీద నుంచి దిగి ముందు గదిలోకి వచ్చేసింది. చెల్లెళ్ళు, బావమరుదులు, పెళ్ళికూతురు ఆయన మంచం చుట్టూ కూర్చుని పెళ్ళి పనులు మాట్లాడుతున్నారు. ఆయన ఒక్కొక్కరికీ పని పురమాయిస్తున్నాడు. తను లేకపోతే ఎవరు ఏం చూసుకోవాలో కూడా అందులోనే చెబుతున్నాడు. కోటు కుర్చీలో కూర్చునే తొడుక్కున్నాడు. ఛాతీ ముప్పై ఆరు. మాస్టారు చదివారు, కాజాలక్క రాసింది.

అప్పుడు ఆవిడ వచ్చి మాస్టారి ఎదురుగా నిలబడింది. ముఖంలో కోపం పోలేదు. పోయిందని నేను చెబితే మాస్టారి కథలో అబద్ధం చెప్పినట్టవుతుంది.

"మందిరం గుమ్మం నుంచి ముందుదాకా ఎన్ని అడుగులు?" అని అడిగింది. "ఎవర్నడిగినా ఎంతో లేదు, ఇట్టే నడిచేస్తారు అంటున్నారు. మీరు చెప్పండి."

"నాకు తెలియదు వదినా. కొలిచి చెబుతాను."

తిరిగి వచ్చేటప్పుడు మందిరంలోకి వెళ్ళి, గుమ్మం దగ్గర నుంచి డ్రైవరన్న నడిచినంత నెమ్మదిగా నడుస్తూ మాస్టారు లెక్కపెట్టారు. ఒకసారి కాదు, రెండుసార్లు. నలభై నాలుగు. ఆ అంకె కాగితం మీద రాసి ఆవిడకి పంపించారు.

పదిహేనో తారీఖు పొద్దున కాజాలక్క జీవితంలో మొదటిసారి మందిరంలో అడుగుపెట్టింది. నా కాజాలు ఎలా కనబడుతున్నాయో చూసుకోవద్దా అని అందరికీ చెప్పుకుంది. చివరి వరసలో కూర్చుంది. లోపలికి రాగానే ఆమెకి అర్థం కానిది ఒకటి కనబడింది. బెంచీల మధ్య నడిచే దారి ఖాళీగా లేదు. అంతంత దూరంలో మూడు కుర్చీలు వేసి ఉన్నాయి. మామూలు చెక్క కుర్చీలే. ఎవరైనా మర్చిపోయారేమో అనుకుంది.

పాట మొదలైంది. కూతురి చెయ్యి పట్టుకుని డ్రైవరన్న గుమ్మంలోకి వచ్చాడు. కోటు ఒంటికి అచ్చంగా సరిపోయింది, ఎక్కడా వేలాడటం లేదు. నెమ్మదిగా అడుగులు వేసి, మొదటి కుర్చీ రాగానే కూర్చున్నాడు. పెళ్ళికూతురు పక్కనే నిలబడింది. పాట పాడేవాళ్ళు మళ్ళీ మొదటికొచ్చారు. ఊపిరి తీసుకుని లేచాడు. రెండో కుర్చీ దాకా నడిచి మళ్ళీ కూర్చున్నాడు. ఎవరూ దగ్గలేదు, ఎవరూ గుసగుసలాడలేదు. పక్క బెంచీలో ఎవరో పెద్దాయనతో, "ఎండ ముదురుతోందన్నా, కిటికీ తెరవండి" అని డ్రైవరన్నే పురమాయించాడు.

మూడో కుర్చీలో కూర్చున్నవాడు లేవలేదు. లేవబోయి, కుర్చీ చెయ్యి పట్టుకుని, ఆగిపోయాడు. పాట ఆగింది. ముందు వరసలో మాస్టారు తల వంచుకుని ఉన్నారు, పెదాలు కదులుతున్నాయి. కాజాలక్క ముందు బెంచీని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

ముందు నుంచి ఆయన భార్య లేచి వచ్చింది. ఆయన పక్కన వంగింది. ఏం కాదు, ఇంకొక్క నాలుగడుగులు అనలేదు. "ఇంకా తొమ్మిదడుగులుంది" అంది, అందరికీ వినబడేలా. "నడుస్తారా, పెళ్ళికొడుకునే ఇక్కడికి రమ్మందామా?"

డ్రైవరన్న ముందున్న దూరం వంక చూశాడు. కూతురి వంక చూశాడు. ఆ తర్వాత కోటు గుండీ విప్పుకుని, కుర్చీలో వెనక్కి వాలి, పాత గొంతుతో అన్నాడు. "రమ్మను."

పాస్టరుగారు ముందు దిగారు. వెనక పెళ్ళికొడుకు, ఆ వెనక అతని అమ్మానాన్నలు, అందరూ తొమ్మిదడుగులు నడిచి ఆ కుర్చీ దగ్గరికి వచ్చారు. పెళ్ళి అక్కడే జరిగింది, దారి మధ్యలో. కాజాలక్క చెప్పులు విడిచి బెంచీ ఎక్కి నిలబడింది, వెనక నుంచి కనబడటం లేదని.